చలిరాత్రులు దాచిపెట్టిన పిండి

జనవరిలో చేసిన బంగాళాదుంప వేపుడు బంగారు రంగులో, అంచులు కరకరలాడుతూ వస్తుంది. అదే ఇంట్లో, అదే బాణలిలో, అదే చెయ్యి సెప్టెంబరులో చేస్తే ముక్క లోపల ఉడక్కముందే పైన గోధుమరంగు దాటి నల్లబడుతుంది. నోట్లో పెడితే ముందు కాస్త తీపి, వెనకే చేదు. నింద మాత్రం పొయ్యి దగ్గరున్న మనిషి మీదే పడుతుంది. మంట ఎక్కువ పెట్టావనో, కలపకుండా వదిలేశావనో, నూనె మంచిది కాదనో అంటారు. నిజానికి ఆ ముక్క ఏ రంగుకి తిరగాలన్నది బాణలి ఎక్కకముందే చాలావరకు తేలిపోయి ఉంటుంది. కొంత చేలో రాత్రి చలి దగ్గర, కొంత కోల్డ్ స్టోరేజీ గదిలో.

ఆకులో తయారైన చక్కెర నేల కిందికి దిగి పిండిగా మారుతుంది. అతిచలి తగిలితే ఆ పిండి మళ్ళీ చక్కెర అవుతుంది. నూనెలో పడ్డాక ఆ చక్కెరే రంగూ వాసనా చేదూ అవుతుంది. బజారులో కొనేవాళ్ళకి ఈ వ్యవహారంలో ఆఖరి అంకమే కనిపిస్తుంది. పెరట్లోనో మిద్దె మీదో నాలుగు మొక్కలు పెంచినవాళ్ళకి మొదటినుంచీ అంతా చేతికందే దూరంలోనే జరుగుతుంది. దుంపల దిగుబడి కంటే పెరటి సాగులో నాకు నచ్చేది ఇదే. దిగుబడి సంగతి తరవాత చెబుతాను, మరీ ఆశపడకండి.

నేల కింద కాండం

బంగాళాదుంప అన్నా, తెలంగాణలో ఆలుగడ్డ అన్నా, రాయలసీమలో ఉర్లగడ్డ అన్నా వృక్షశాస్త్రం లెక్కలో అది కాండం. చిలగడదుంపా క్యారెట్టూ వేర్లు. ఇది నేల కింద లావెక్కిన కొమ్మ. ఒక దుంపని వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక చివర చిన్న మచ్చ, ఒక్కోసారి ఎండిన తొడిమ ముక్క ఉంటుంది. తల్లిమొక్కకి అతుక్కుని ఉన్న మొదలు అది. రెండో చివర కళ్ళు దగ్గరదగ్గరగా గుమిగూడి ఉంటాయి. అది తల. మొదలునుంచి తలదాకా కళ్ళ వెంబడి వేలు పోనిస్తే అవి మెలితిరిగిన వరసలో ఉన్నాయని తెలుస్తుంది. కొమ్మ మీద ఆకులు పుట్టే వరస కూడా అదే. ఒక్కో కన్నూ ఒక్కో కణుపు, కన్ను పక్కనున్న సన్నటి గీత ఎదగని ఆకు తాలూకు గుర్తు.

కొమ్మ కాబట్టే దీనికి కొమ్మ గుణాలన్నీ ఉన్నాయి. వెలుతురు పడితే పచ్చబడుతుంది. తలభాగంలోని మొగ్గ ముందు లేచి వెనకవాటిని అణిచిపెడుతుంది. చెట్టు చిగురు తుంచితే పక్కకొమ్మలు లేచినట్టే, ఆ మొదటి మొలకని తుంచేస్తే మిగతా కళ్ళు మేలుకుంటాయి. విత్తన దుంప పెద్దదైతే దాన్ని అడ్డంగా కోయకూడదు, తలనుంచి మొదలుదాకా నిలువుగా కోయాలి. అడ్డంగా కోస్తే చురుకైన కళ్ళన్నీ ఒక ముక్కకే పోతాయి, రెండో ముక్క మట్టిలో ఊరికే కూర్చుంటుంది.

నాటిన ఐదారు వారాలకి, మొక్క మోకాలెత్తుకి వస్తున్నప్పుడు, మొదట్లో మట్టిని వేళ్ళతో మెల్లగా పక్కకి తీసి చూడాలి. మొక్కకి హాని లేదు, మళ్ళీ కప్పేస్తే సరి. గోధుమరంగు సన్నవేర్ల మధ్య తెల్లగా, నున్నగా, పెన్సిల్ కంటే సన్నగా అడ్డంగా పాకుతున్న పిల్లకొమ్మలు కనిపిస్తాయి. వేరు కొస తిన్నగా ఉంటుంది. వీటి కొస మాత్రం కొక్కెంలా వంగి ఉంటుంది. సరైన రోజున చూస్తే ఆ వంపు వెనకాల చిన్న ఉబ్బు తగులుతుంది, శనగగింజంత. పొడుగు సాగడం ఆగి లావెక్కడం అక్కడే మొదలవుతుంది. ఆ ఉబ్బు మొదలవడానికి కావలసిన ఆజ్ఞ పైనుంచి, ఆకులనుంచి వస్తుంది.

రాత్రిని కొలిచే ఆకు

బంగాళాదుంపని మనిషి మొదట సాగుచేసింది దక్షిణ పెరూలో, టిటికాకా సరస్సు పరిసరాల్లోని ఎత్తయిన పీఠభూముల్లో. సరస్సే 3,800 మీటర్ల ఎత్తున ఉంది. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి అక్కడ పగలూ రాత్రీ ఏడాదంతా ఇంచుమించు సమానం, రాత్రిళ్ళు చలి. ఏడెనిమిది వేల ఏళ్ళపాటు ఆ వాతావరణంలో పెరిగిన మొక్కకి పొడుగు రాత్రి, చల్లటి రాత్రి అంటే దుంప పెట్టే వేళ అని రక్తంలో ఇంకిపోయింది. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు దాన్ని యూరప్‌కి తీసుకుపోతే అక్కడి వేసవిలో పదహారు గంటల పగలు చూసి తికమకపడింది. ఏపుగా పెరిగి, పూలు పూసి, దుంపలు మాత్రం మంచు కురిసే ముందు నామమాత్రంగా పెట్టేది. పొడుగు పగళ్ళలోనూ దుంప పెట్టే రకాలు స్థిరపడటానికి చాలా తరాల ఎంపిక పట్టింది.

ఆకు రాత్రిని కొలుస్తుందనీ, ఆ కబురు కిందికి చేరుతుందనీ అంట్లు కట్టి చూపించారు. దుంప పెట్టే పరిస్థితుల్లో ఉంచిన మొక్క కొమ్మని తెచ్చి, ఆ పరిస్థితులు లేని మొక్క మీద అంటుకడితే కింది మొక్క దుంప పెట్టింది. 1950లలోనే తేలిన సంగతి ఇది. ఇంతకంటే చిత్రమైనది సోవియట్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ చేసిన ప్రయోగం. పూత పూయించే ఏదో పదార్థం ఆకులో తయారై కొనకి ప్రయాణిస్తుందని 1930లలోనే ప్రతిపాదించి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టినాయన ఈయనే. బంగాళాదుంప మొక్క మీద పొగాకు కొమ్మని అంటుకట్టి, పొగాకు పూతకి రావడానికి కావలసిన పగలూ రాత్రీ ఇచ్చాడు. కింద బంగాళాదుంప దుంపలు పెట్టింది. పొగాకు తన జన్మలో దుంప ఎరగదు. అయినా దాని ఆకులు పంపిన పూత కబురుని బంగాళాదుంప దుంప కబురుగా అందుకుంది.

ఆ కబురు ఏమిటో పేరుతో సహా 2011లో తెలిసింది. ఎస్‌పీ6ఏ అనే ప్రోటీను ఆకులో తయారై, చక్కెర దిగే నాళాల్లోనే కిందికి దిగి, పిల్లకొమ్మ కొసని దుంపగా మారమంటుంది. పూత తెప్పించే ప్రోటీనుకి ఇది దగ్గర చుట్టం. అదే ఏడాది బంగాళాదుంప జన్యుపటం మొత్తం అచ్చయింది. సుమారు 39 వేల జన్యువులు. ఆ పనిలో మన దేశపు శాస్త్రజ్ఞులకీ భాగం ఉంది.

ఇప్పుడు మన సంగతి. తెలుగునాట డిసెంబరు పగలు పదకొండు గంటల పైచిలుకే, కాబట్టి రాత్రి పొడుగుతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా వేడితోనే. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే దుంప బాగా కడుతుంది. అది 20 దాటి పైకి పోయేకొద్దీ ఎస్‌పీ6ఏ తయారీ తగ్గుతుంది. పైగా వేడి రాత్రుల్లో మొక్క శ్వాస పెరిగి, పగలు సంపాదించిన చక్కెరలో పెద్ద భాగం అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. ఆకు దట్టంగా పచ్చగా ఉంటుంది, కింద తవ్వితే ఏమీ ఉండదు. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు సగటున 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. విజయవాడలో 20కి దగ్గరలోనే ఆగిపోతాయి. తెలంగాణలో జహీరాబాద్, చిత్తూరు జిల్లాలో పలమనేరు, వి.కోట వైపు ఈ పంట నిలదొక్కుకోవడానికి నేలతోపాటు ఆ ప్రాంతాల ఎత్తు కూడా కారణం. జహీరాబాద్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల పైన ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అన్నీ పండి ఇదొక్కటి పెద్దగా పండకపోవడానికి లోపం నేలలో లేదు, రాత్రుల్లో ఉంది.

కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకి మారింది. సిమ్లా దగ్గర కుఫ్రి అనే కొండ ఊళ్ళో జాతుల్ని కలిపి కొత్త రకాలు తీస్తారు కాబట్టి ఇక్కడి రకాలన్నిటికీ ఇంటిపేరు కుఫ్రి. 1968లో వచ్చిన కుఫ్రి జ్యోతి, కుఫ్రి చంద్రముఖి ఇప్పటికీ వినబడే పేర్లు. 2006లో వచ్చిన కుఫ్రి సూర్య వేడిని తట్టుకునే రకం. రాత్రులు 20 డిగ్రీలు కాస్త దాటినా దుంప కడుతుంది. కోస్తాలో పెరటి ప్రయత్నం చేసేవాళ్ళు దొరికితే ఇదే తెచ్చుకోవడం మేలు.

మిద్దె మీద

నాటడానికి మనకి దొరికే అదను చిన్నది. అక్టోబరు నెలాఖరునుంచి నవంబరు మధ్యదాకా నాటితే దుంప కట్టే వేళ డిసెంబరు, జనవరి చలిలో పడుతుంది, ఫిబ్రవరిలో ఎండలు ముదిరేలోగా తవ్వెయ్యవచ్చు. సంక్రాంతికి నాటాలనుకునేవాళ్ళు ఆ కుండీలో గోంగూర వేసుకోవడం నయం.

వంటింట్లో మొలకెత్తిన దుంపని మట్టిలో పెట్టి చూడని వాళ్ళుండరు. మొలుస్తుంది, కాదనను. కానీ బజారు దుంపకి రెండు చిక్కులు. మొలక రాకుండా మందు కొట్టినదైతే నీరసంగా లేస్తుంది. అది పోనిద్దాం. రెండోది వైరసు. పేనుబంక ఒక మొక్కనుంచి ఇంకో మొక్కకి వైరసులు మోస్తుంది, అవి దుంపలోకి చేరి తరవాతి పంటకి సంక్రమిస్తాయి. దుంపని దుంపతోనే పెంచుకుంటూ పోయే పంటకి ఇది శాపం, తరం తరానికీ దిగుబడి పడిపోతుంది. ఒకప్పుడు కొండలమీద, పేనుబంక తక్కువగా ఉండే చోట పండిన విత్తనం తప్ప గతి లేదనుకునేవారు. సిమ్లా సంస్థవాళ్ళు ఉత్తరాది మైదానాల్లో అక్టోబరు నుంచి డిసెంబరుదాకా పేనుబంక చాలా తక్కువగా ఉంటుందని గమనించి, ఆ వ్యవధిలోనే విత్తన పంట వేసి, పురుగు పెరగకముందే మొక్కల కాండాలు కోసిపారేసే పద్ధతి తెచ్చారు. పంజాబులో జలంధర్ చుట్టుపక్కల విత్తన దుంప ఇంత పెద్ద వ్యాపారం కావడానికి పునాది అదే.

దొరికితే కోడిగుడ్డంత దుంపలు ఎంచుకోవాలి, వాటిని కోయక్కర్లేదు. మన వెచ్చటి మట్టిలో కోసిన ముక్క కుళ్ళే ప్రమాదం ఎక్కువ. కోయక తప్పకపోతే ముక్కకి రెండు మూడు కళ్ళుండాలి, 40 గ్రాములకి తగ్గకూడదు. నీడలో రెండు మూడు రోజులుంచితే కోతమీద బెరడులాంటి పొర కట్టుకుంటుంది, దానివల్ల మట్టిలోని సూక్ష్మజీవులు లోపలికి పోలేవు. నాటేముందు వారం పదిరోజులు ఎండ తగలని వెలుతురులో పరిస్తే మొలకలు పొట్టిగా, బలంగా, ఊదారంగులో వస్తాయి. చీకట్లో మొలిచినవి పాలిపోయి పొడుగ్గా ఉండి, ముట్టుకుంటే విరుగుతాయి.

అడుగున్నర వెడల్పూ అంతే లోతూ ఉన్న సంచిలోనో కుండీలోనో రెండు దుంపలు చాలు. మట్టి గుల్లగా ఉండాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త కొబ్బరిపొట్టు కలిపితే సరిపోతుంది. సగం సంచి నింపి, దుంపని నాలుగంగుళాల లోతున పెట్టి, మొక్క జానెడు పెరిగాక మొదట్లోకి మట్టి ఎగదోస్తారు. ఎగదోయడం ఎందుకంటే పైకి తేలిన దుంపలకి వెలుతురు తగిలి పచ్చబడకుండా, పిల్లకొమ్మలు మట్టి బయటికి వచ్చి ఆకులు తొడిగే మామూలు కొమ్మలైపోకుండా. మొక్క పెరిగేకొద్దీ టైర్లమీద టైర్లు పేర్చి మట్టి పోస్తూ పోతే అంతస్తుకో కాపు వస్తుందని వీడియోలు చూపిస్తుంటారు. పిల్లకొమ్మలు ఎక్కువగా విత్తన దుంపకి పైన ఉన్న కొద్ది కణుపులనుంచే పుడతాయి. టైర్ల మేడ కట్టినవాళ్ళకి చివరికి దొరికేది అడుగు అంతస్తులోని కాపే.

రెండు అలవాట్లు మానుకోవాలి. ఒకటి యూరియా. నత్రజని ఎక్కువైతే మొక్కకి ఆకులమీదే ధ్యాస, దుంప కట్టడం వాయిదా పడుతుంది. రెండోది పొయ్యి బూడిద. బూడిద మట్టిని క్షారంగా మారుస్తుంది. అటువంటి మట్టిలో, అందులోనూ దుంప కట్టే రోజుల్లో తడి ఆరిపోతే, తొక్కమీద గజ్జిలాంటి బొడిపెలు లేస్తాయి. తినడానికి ఇబ్బంది లేదు గానీ చూడబుద్ధి కాదు, చెక్కు తియ్యడంలో సగం దుంప పోతుంది. దుంపలో నూటికి ఎనభై వంతులు నీళ్ళే కాబట్టి తడి సమంగా ఉండాలి. ఎండగట్టి ఎండగట్టి ఒక్కసారి నీళ్ళు దిమ్మరిస్తే దుంప చీలుతుంది, లేదా దాని ఒంటిమీద ఇంకో పిల్లదుంప మొలుచుకొస్తుంది.

మిద్దె తోటలో అసలు శత్రువు నల్లసంచి. పడమటి ఎండ తగిలిన నల్లటి గ్రో బ్యాగ్ పక్కన చెయ్యి పెట్టి చూస్తే లోపలి మట్టి ఎంత వేడెక్కుతుందో తెలుస్తుంది. గాలి చల్లగా ఉన్నా మట్టి చల్లబడకపోతే దుంప కట్టదు. సంచికి తెల్లగుడ్డ చుట్టడం, మట్టిమీద వరిగడ్డి మందంగా పరవడం, సంచుల్ని గుంపుగా ఒకదానికొకటి నీడపడేలా పెట్టడం ఇవన్నీ పనికొస్తాయి. ఆకులమీద నీళ్ళు నిలిచే మబ్బు, మంచు రోజుల్లో ఆకుమాడు తెగులు చూసుకోవాలి. 1845లో ఐర్లాండ్‌లో దిగి, పదిలక్షల మందిని ఆకలికీ రోగాలకీ బలితీసుకున్న తెగులు ఇదే. అక్కడి పేదలు ఇంచుమించు ఒకే రకం దుంపమీద బతకడం దానికి తోడైంది. తెగులు పడిన ఆకు కింద తెల్లటి బూజు అంచు కనిపిస్తే ఆ మొక్కని దయ చూపకుండా పీకెయ్యాలి, పక్కనే టమాటా ఉంటే మరీను. రెండిటిదీ ఒకే కుటుంబం, తెగులూ ఉమ్మడే.

దిగుబడి మాట. మొక్కకి పావుకిలో వస్తే సంతోషించాలి, అరకిలో వస్తే పక్కింటివాళ్ళని పిలిచి చూపించాలి.

తవ్విన తరవాత

నాటిన 80, 90 రోజులకి ఆకులు పసుపుబారతాయి. అప్పుడు నీళ్ళు ఆపి, కాండాలు నేలమట్టానికి కోసేసి, దుంపల్ని మట్టిలోనే పది పదిహేను రోజులు వదలాలి. ఈ వ్యవధిలో తొక్క బిగుస్తుంది. బొటనవేలితో గట్టిగా రుద్దినా ఊడిరాకపోతే తవ్వవచ్చు. తొందరపడి తవ్విన లేతదుంప ఉడకబెట్టుకోవడానికి హాయిగా ఉంటుంది, నిలవకీ వేపుడికీ పనికిరాదు. ఆకునుంచి దిగిన చక్కెర అందులో ఇంకా పూర్తిగా పిండి కాలేదు. పండిన దుంపలో ఆ పని అయిపోయి ఉంటుంది. చక్కెర అతి తక్కువ, పిండి ఎక్కువ. జనవరి, ఫిబ్రవరి వేపుడు బంగారు రంగులో రావడానికి ఇదీ కారణం.

ఈ పిండిని కోల్డ్ స్టోరేజీ పాడుచేస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో ఏడాదికి ఒక్కసారి, చలికాలం చివర వచ్చే పంట మళ్ళీ కొత్తపంట దాకా దేశంలో చాలా ప్రాంతాలకి సరిపోవాలి. అందుకని మొలకెత్తకుండా 2 నుంచి 4 డిగ్రీల్లో దాస్తారు. ఆ చలికి దుంప కణాల్లోని పిండి విడిపోయి సుక్రోజు అవుతుంది. ఇన్వర్టేజ్ అనే ఎంజైము దాన్ని మళ్ళీ గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విరుస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నాటి దుంపలో ఈ చక్కెరలు ఇంటి దుంపకంటే ఎన్నోరెట్లు ఎక్కువగా ఉండవచ్చు. నూనె వేడికి అవి దుంపలోని అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమరంగు తెస్తాయి. కాస్త ఉంటే అదే కమ్మటి వాసన. మితిమీరితే నలుపూ చేదూ.

ఇంకో సంగతీ ఉంది. 1997లో స్వీడన్‌లో హాలాండ్‌సోస్ అనే చోట రైలు సొరంగం తవ్వుతూ, నీటి ఊటలు ఆపడానికి అక్రిలమైడ్ ఉన్న మందు వాడారు. అది వాగుల్లోకి పారి చేపలు చచ్చాయి, ఆవులు కాళ్ళు పడిపోయి కూలబడ్డాయి. కార్మికుల రక్తంలో దాని జాడలు వెతికిన శాస్త్రజ్ఞులు పోల్చిచూడటానికి సొరంగం మొహం చూడనివాళ్ళ రక్తమూ పరీక్షిస్తే అక్కడా జాడ కనిపించింది. సొరంగం లేకుండా ఎలా వచ్చిందని వెతుక్కుంటూ పోతే తిండి దగ్గర తేలింది. 2002లో స్వీడన్ ఈ సంగతి ప్రకటించింది. బంగాళాదుంపలో సహజంగా బాగా ఉండే ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లం, ఈ చక్కెరలతో 120 డిగ్రీలు దాటిన వేడిలో కలిస్తే అక్రిలమైడ్ పుడుతుంది. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో ఉన్న పదార్థం అది. ఉడకబెట్టిన దుంపలో ఇది ఇంచుమించు ఉండదు, ఎందుకంటే నీళ్ళు వంద డిగ్రీలు దాటవు. భయపడి వేపుడు మానేయక్కర్లేదు. బంగారు రంగు దగ్గర దించెయ్యడం మంచిది, నల్లబడ్డ ముక్క ఏరి పక్కన పెట్టడం ఇంకా మంచిది. ఇంట్లో దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం తప్పే, చేతులారా కోల్డ్ స్టోరేజీ పెట్టుకున్నట్టు. చీకటిగా, గాలాడే చోట బుట్టలో ఉంచాలి. కొన్న దుంప తియ్యగా ఉందనిపిస్తే రెండు మూడు వారాలు మామూలు గది వేడిలో వదిలితే చక్కెరలో కొంత మళ్ళీ పిండి అవుతుంది, కొంత దుంప శ్వాసలో ఖర్చవుతుంది. చిప్స్ కంపెనీలవాళ్ళు ఈ బాధ పడలేకే తమ దుంపల్ని 10, 12 డిగ్రీల్లో దాచుకుంటారు, చక్కెర తక్కువ చేసే కుఫ్రి చిప్సోనా లాంటి రకాలు పండించుకుంటారు.

పొయ్యి మీద

ఏ దుంప ఎందుకు పనికొస్తుందో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. గిన్నెలో పదకొండు కప్పుల నీళ్ళకి ఒక కప్పు ఉప్పు కరిగించి దుంపని వెయ్యాలి. మునిగితే పిండి ఎక్కువ, ఉడికితే పొడిపొడిగా విడిపోతుంది, పూరీ కూరకి, బోండాకి పనికొస్తుంది. తేలితే పిండి తక్కువ, నీరెక్కువ, ఉడికినా ముక్క ముక్కగానే నిలుస్తుంది, పులుసుకీ కుర్మాకీ బాగుంటుంది. ఒకే సంచిలో తవ్విన దుంపల్లోనే కొన్ని మునిగి కొన్ని తేలడం చూడవచ్చు. ముందు కట్టినవి, వెనక కట్టినవి ఒకేలా ఉండవు మరి.

వేపుడికి ముక్కలు తరిగి నీళ్ళలో వేస్తాం. గాలి తగిలి నల్లబడకుండా అంటారు, అది నిజమే. కోసిన కణాల్లోని ఎంజైములకి గాలి అందితే రంగు మారుతుంది. నీళ్ళు చేసే మేలు ఇంకొకటీ ఉంది. పది నిమిషాల తరవాత ఆ నీళ్ళు వంచితే గిన్నె అడుగున తెల్లటి పేరుడు కనిపిస్తుంది, వేలితో తీస్తే కరకరమంటుంది. తెగిన కణాలనుంచి రాలిన పిండి రేణువులు అవి. మామూలుగా తినే పిండి పదార్థాల్లో ఇంత పెద్ద రేణువులు ఇంకెందులోనూ లేవు. అవి పోతే ముక్కలు ఒకదానికొకటి అంటుకోవు, బాణలికీ అంటుకోవు. పైనున్న చక్కెరా కాస్త కొట్టుకుపోతుంది. సెప్టెంబరు దుంపయితే రెండు నీళ్ళు మార్చాలి. తరవాత గుడ్డమీద ఆరబెట్టాలి. తడి ముక్క నూనెలో పడితే వేడంతా నీళ్ళని ఆవిరి చెయ్యడానికే పోతుంది. మూత పెట్టకూడదు, ఉప్పు ముందే వెయ్యకూడదు. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగి వేపుడుని మెత్తటి కూర చేస్తుంది. దించే ముందు ఉప్పూ కారం చల్లి, వెల్లుల్లి నలిపి వేసి రెండుసార్లు ఎగరేస్తే చాలు.

పులుసు లెక్క వేరు. దుంప కణాలు ఒకదానికొకటి పెక్టిన్‌తో అతుక్కుని ఉంటాయి, ఇటుకల మధ్య సున్నంలాగ. ఉడకడమంటే ఆ సున్నం కరగడం. 60 డిగ్రీలు దాటాక లోపలి పిండి నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఇంకా వేడెక్కితే పెక్టిన్ కరిగి కణాలు విడివడతాయి. పులుపు తగిలితే పెక్టిన్ కరగదు. పచ్చిముక్కల్ని చింతపండు రసంలో వేసి గంటసేపు మరిగించినా నడుమ పలుకు మిగులుతుంది. ముందు ముక్కలు ఉడికాకే పులుసు పొయ్యాలని పెద్దవాళ్ళు అనేది దీనివల్లే. అలాగే దుంపలు సగం ఉడికేసరికి గ్యాసు అయిపోయి, సిలిండరు మార్చి మళ్ళీ వెలిగిస్తే ఎంతకీ మెత్తబడవు. 60 డిగ్రీల దగ్గర కాసేపు నిలిచిన దుంపలో ఒక ఎంజైము పనిలోకి దిగి, పెక్టిన్‌ని కాల్షియంతో బిగించేస్తుంది. కుర్మాలో ముక్క చితకకుండా ఉండాలంటే ఈ గుణాన్నే వాడుకోవచ్చు. మొదట గోరువెచ్చకంటే వేడిగా, మరగకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఆ తరవాత మరిగించాలి.

పూరీ కూరకి దుంపల్ని తొక్కతోనే కుక్కర్లో పెట్టి, వేడిమీదే చేత్తోనో గరిటెతోనో చిదమాలి. మిక్సీలో వేస్తే కణాలు పగిలి పిండి బయటపడి జిగురు తయారవుతుంది, దాన్ని మళ్ళీ కూర చెయ్యడం ఎవరి తరమూ కాదు. ఉడికిన దుంప చల్లారితే పిండిలో కొంత భాగం తిరిగి గట్టిగా పేనుకుపోతుంది, దాన్ని పేగులు తేలిగ్గా అరిగించుకోలేవు. రాత్రి ఉడికించిన దుంప పొద్దున తింటే రక్తంలోకి చక్కెర కాస్త నెమ్మదిగా చేరుతుందనడానికి ఆధారం ఇదే. మధుమేహం ఉన్నవాళ్ళకి ఇదేమీ అనుమతి పత్రం కాదు.

పచ్చబడినవి, మిగిలినవి

పెరటి దుంపల్లో నాలుగైనా పైకి తేలి పచ్చబడతాయి. ఆ పచ్చదనం పత్రహరితమే, దానితో ప్రమాదం లేదు. కానీ వెలుతురు తగిలినప్పుడు దానితోపాటు తొక్క కింద సోలనిన్, చాకోనిన్ అనే విషాలు కూడా పెరుగుతాయి. నూరు గ్రాముల్లో 20 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి. దాటితే నాలుక చేదెక్కి గొంతు మండుతుంది, ఎక్కువ తింటే వాంతులూ విరేచనాలూ. ఉడికించినా వేయించినా ఇవి పెద్దగా విరగవు. కాస్త పచ్చగా ఉంటే చెక్కు మందంగా తీసేస్తే సరిపోతుంది, ఎక్కువగా పచ్చబడితే పారెయ్యడమే. మొలకల్లో, కళ్ళ చుట్టూ కూడా ఇవి ఎక్కువ. చలి బాగా ఉన్న ఏడాది మొక్క పూసి, చిన్న పచ్చి టమాటాల్లాంటి కాయలు కాస్తుంది. వాటిలోనూ ఈ విషాలే, పిల్లలున్న ఇంట్లో తుంచెయ్యాలి.

మిగిలిన మంచి దుంపల్ని వచ్చే ఏడాది విత్తనానికి దాచుకుందామని అందరికీ ఆశ పుడుతుంది. తవ్విన దుంప ఆరు నుంచి పది వారాలు నిద్రపోతుంది, ఆ తరవాత ఏప్రిల్, మే ఎండల్లో మేలుకుంటుంది. మొలకలు వేసుకుంటూ, తుంచితే మళ్ళీ వేస్తూ, దాచుకున్న పిండినంతా ఖర్చుపెట్టి అక్టోబరుకి ముడతలుపడి చేతికొస్తుంది. దుంప తొలిచే పురుగు ఈలోగా దారి కనిపెడుతుంది. విత్తనాన్ని ఏడెనిమిది నెలలు నిద్రలో ఉంచగలిగేది ఆ 2, 4 డిగ్రీల కోల్డ్ స్టోరేజీయే. వేపుడు చెడగొట్టే చలే విత్తనానికి కావాలి. అక్కడ పిండి చక్కెరైనా మొలకకి నష్టం లేదు, మొలక తినేది ఆ చక్కెరనే. కాబట్టి ఫిబ్రవరిలో తవ్వినవన్నీ వండుకు తినెయ్యండి. అక్టోబరులో విత్తనం కొనేటప్పుడు మాత్రం కోల్డ్ స్టోరేజీనుంచి బయటికి తీసి ఎన్నాళ్ళయిందని అడగండి. నిన్నే తీశామంటే ఇంటికి తెచ్చి, వారం పదిరోజులు గది వేడికి అలవాటుపడి మొలక కదిలాకే నాటాలి.